పాయింట్ల మీద నేను, మిరియాల మీద అమ్మ

మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, చీమ తలకాయంత అక్షరాలతో సహా నేను చదివిన గ్రంథం ఒక్కటే. అది ఒక విమాన సంస్థ వాళ్ళ పాయింట్ల పథకం నియమావళి. బైబిలు సగంలో, యెషయా గ్రంథం దగ్గరే ఆగిపోయి ఏళ్ళయింది. ఈ సంగతి మా గుడి విచారణ చూసే ఫాదర్‌కి కూడా దాచకుండా చెప్పాను. ఆయన నవ్వి, "మోక్షం ఎన్ని పాయింట్లకి ఇస్తారమ్మా అందులో?" అని అడిగారు. పాయింట్లున్నా సీట్లు దొరకవు ఫాదర్, అన్నాను.

మాది అనంతగిరి మండలంలో ఒక కొండ గూడెం. మా తాతల నాటి నుంచీ పోడు, చోళ్ళు, కందులు. నాన్న కాలంలో కాఫీ వచ్చింది. నేను ఆ కాఫీనే పట్టుకుని కొండ దిగాను. రైతుల సంఘంలో కాఫీ రుచి చూసే ఉద్యోగం నాది. వరసగా పెట్టిన గిన్నెల్లోంచి చెంచాతో జుర్రున పీల్చి, నోట్లో నాలుగు వైపులా తిప్పి, ఉమ్మేసి, ఏ గింజ ఎంతకు పోతుందో చెప్పాలి. దీనికి నెలనెలా జీతమిస్తారంటే అమ్మ చాలాకాలం నమ్మలేదు. తాగితే డబ్బు తీసుకునే వాళ్ళని చూసింది గానీ ఉమ్మితే డబ్బు ఇచ్చేవాళ్ళని చూడలేదు పాపం.

ఆ ఉద్యోగంలో భాగంగా గింజల పొట్లాలు పట్టుకుని బెంగుళూరు, ఢిల్లీ, ముంబయి తిరగాలి. టికెట్ డబ్బులు సంఘానివి, పాయింట్లు నావి. ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు ఈ దేశంలో మరొకటి ఉందని నేననుకోను. మొదటిసారి ఫోన్లో పాయింట్లు పడ్డాయని మెసేజ్ వచ్చినప్పుడు, తోటలో ఏరుతుంటే చీరకొంగులో పండు బరువు తెలిసినట్టు తెలిసింది. ఆ రోజుతో నేను పాడైపోయాను.

విశాఖ నుంచి బెంగుళూరుకి నేరుగా విమానం ఉంటే, నేను హైదరాబాదు మీదుగా వెళ్ళేదాన్ని. రెండు విమానాలు, రెండు దఫాల పాయింట్లు. నాలుగు గంటలు ఎక్కువ కూర్చుంటే ఏం పోయింది, ఆ కుర్చీలు మా బస్సు సీట్ల కంటే మెత్తనివే కదా అనుకునేదాన్ని. సంవత్సరానికి ఇన్ని ప్రయాణాలు అనే లెక్క పూర్తవగానే నాకు ఒక పై మెట్టు ఇచ్చారు. ఆ మెట్టు ఎక్కితే లాంజ్‌లోకి రానిస్తారు. అక్కడ ఇడ్లీ ఉచితం, పకోడీ ఉచితం, మిషన్ కాఫీ ఉచితం. మొదటిరోజు ఆ కాఫీ నోట్లో పోసుకుని, అలవాటు కొద్దీ జుర్రున లాగి, కాగితం కప్పులోకి ఉమ్మేశాను. పక్కనున్న కోటు పెద్దమనిషి లేచి వెళ్ళిపోయాడు. ఆ కాఫీకి జరగాల్సిన మర్యాదే జరిగింది, నేను సిగ్గుపడలేదు.

ఆ తర్వాత కార్డు తీసుకున్నాను. నూరు రూపాయలు గీకితే కొన్ని పాయింట్లు. కానీ మా వైపు సంతలో కార్డు గీకే మనిషి ఎవడు? చేప అమ్మే ఆమె దగ్గర కూడా ఫోన్లో డబ్బులు కొట్టే గళ్ళ బొమ్మ ఉంది గానీ కార్డు యంత్రం లేదు. అందుకని నేను ఊరి మీద పడ్డాను. ఎవరు పెద్ద వస్తువు కొన్నా ముందు నాకు చెప్పాలి. విశాఖలో నా కార్డు గీకుతాను, వాళ్ళు నాకు నగదు ఇచ్చేస్తారు. అలా మా వదిన ఫ్రిజ్, గుడిలో ప్రార్థన నడిపే ఉపదేశి గారి ఫోను, గుడి కీబోర్డు, కాఫీ పళ్ళ తొక్క తీసే మిషన్లు మూడు, ఒక పెళ్ళికి ఇరవై ఆరు స్టీలు బిందెలు, అన్నీ నా ఖాతాలో పాయింట్లయ్యాయి. మా వదిన వచ్చినవాళ్ళకల్లా చెప్పేది, "మా ఆడపడుసు ఇమానం ఎక్కితే ఒక రెక్క మా ఫ్రిజ్‌దే" అని.

ఇదంతా దేనికంటే పెద్దమ్మ కోసం. కనీసం నేను అలా చెప్పుకునేదాన్ని.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. అమ్మ ఆమెను 'అప్ప' అంటుంది. ఇద్దరికీ రెండేళ్ళు తేడా. పదిహేడేళ్ళప్పుడు పెద్దమ్మ కన్యాస్త్రీల మఠంలో చేరింది. మఠం వాళ్ళు ఆమెను ఈశాన్యంలో మేఘాలయ కొండల్లోకి పంపారు. ఈ కొండ నుంచి ఆ కొండకి. అక్కడి బడిలో పిల్లలకి చదువు చెప్పి చెప్పి, మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఒకసారి సెలవు మీద వచ్చేది. వచ్చినప్పుడల్లా అక్కాచెల్లెళ్ళు రెండు రోజులు కౌగిలించుకుని, మూడో రోజు నుంచి పోట్లాడుకునేవారు. చిన్నప్పుడు ఎవరి వాటా పనసపండు ఎవరు తిన్నారన్న దగ్గర మొదలయ్యేది. మా నాన్న ఉన్నన్నాళ్ళూ ఆ మూడో రోజున తోటలోకి పారిపోయేవాడు.

తర్వాత పెద్దమ్మకి ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. డాక్టర్లు విమానం వద్దన్నారు, రెండు రోజుల రైలు అసలే వద్దన్నారు. ఇక ఆమె రాలేదు. అమ్మే వెళ్ళాలి. అమ్మకి అరవై ఎనిమిది, విశాఖ దాటి ఎరగదు. "నేను తీసుకెళ్తానమ్మా, విమానంలో, పైసా ఖర్చు లేకుండా" అని గొప్పగా మాటిచ్చాను. అప్పటికింకా పెద్దమ్మ ఫోన్లో అమ్మకి ఒక పాట మొత్తం పాడి వినిపించేది.

మాటిచ్చిన ఏడాది పాయింట్లు కొంచెం తక్కువయ్యాయి. డబ్బు పెట్టి కొనేయొచ్చు, నా జీతానికి అదేం పెద్ద సంగతి కాదు. కానీ ఇంత కూడబెట్టి, ఇప్పుడు డబ్బు పోస్తే నేనేం మనిషిని? మరుసటి ఏడాది పాయింట్లు చాలాయి గానీ, దొరికిన సీట్లు ఢిల్లీ మీదుగా చుట్టూ తిరిగి పోయేవి. అదే పాయింట్లతో ఇంకో నెలలో రెండు మంచి టికెట్లు వస్తాయని నా లెక్క. ఆ నెలలో వానలు. ఆ తర్వాత ఎక్కడో చదివాను, పండగల ముందు సగం పాయింట్లకే సీట్లిస్తారని. పండగ వచ్చింది, పోయింది, వాళ్ళు ఇచ్చింది పది శాతం తగ్గింపు. ఆ పది శాతానికి నా అహం ఒప్పుకోలేదు.

ఈలోగా ఫోన్లో పెద్దమ్మ పాట ఒక చరణానికి తగ్గింది. తర్వాత పాట ఆగిపోయి మాటలే మిగిలాయి. ఆ మాటల మధ్య కూడా ఆగి గాలి పీల్చుకునేది. అమ్మ ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని ఆ గాలి శబ్దమే వింటూ కూర్చునేది. నన్ను మాత్రం ఏమీ అనేది కాదు. "ఏటే, సీట్లు దొరికాయేటి?" అని అడిగేది, అంతే. నేను వివరంగా చెప్పేదాన్ని. ఒక్కో పాయింటుకి ఎంత విలువ రావాలి, ఎంత వస్తే మనం మోసపోయినట్టు. అమ్మ చోళ్ళు చెరుగుతూ తల ఊపేది.

చివరికి పెద్దమ్మ దేవుడికి మాటిచ్చి సన్యాసం పుచ్చుకున్న యాభై ఏళ్ళ వేడుక తేదీ వచ్చింది. సిస్టర్లకి అది స్వర్ణోత్సవం. ఆ మఠం పెద్ద, మదర్ సుపీరియర్, నాకు ఇంగ్లీషులో ఉత్తరం రాసింది. రాగలిగితే ఈసారి రండి, మరోసారి అనుకోవద్దు అని. ఆ ఉత్తరం చదివాక నా లెక్కలన్నీ మూసేసి, దొరికిన సీట్లు దొరికినట్టు కోల్‌కతా మీదుగా గువాహటికి రెండు టికెట్లు పాయింట్లతో తీసేశాను. అప్పటికి ఇంకా రెండు నెలలు టైముంది. ఊరందరికీ చెప్పాను. వదిన ఫ్రిజ్ మీద చెయ్యి వేసి గర్వంగా నిలబడింది.

ప్రయాణానికి పన్నెండు రోజుల ముందు అమ్మ ట్రంకు పెట్టె తెరిచి ఆధార్ కార్డు తీసింది. దాని మీద ఉన్నది నేను టికెట్‌లో కొట్టిన పేరు కాదు.

మా కొండల్లో ఒక మనిషికి రెండు పేర్లుండడం, రెండు కాళ్ళకి రెండు చెప్పులుండడమంత మామూలు. పుట్టిన వారాన్ని బట్టి ఇంట్లో వాళ్ళు ఒక పేరు పెడతారు. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఫాదర్ ఇంకో పేరు పెడతారు. అమ్మ బుధవారం పుట్టింది, ఆ పేరుతోనే రేషను కార్డు, దాన్ని చూసి ఆధార్. గుడిలో, బంధువుల్లో, నా బడి రికార్డుల్లో గుడి పేరు. ఇద్దరూ ఒకటే మనిషని ఎవరికీ చెప్పక్కర్లేదు గనక ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. మూడేళ్ళ కిందట లాంజ్‌లో ఉచిత పకోడీ నములుతూ, నా పాయింట్లు వాడుకోదగిన కుటుంబ సభ్యురాలిగా అమ్మని చేర్చినప్పుడు, నాకు తెలిసిన అమ్మ పేరే కొట్టాను. నియమావళి అంతా చదివిన మనిషిని, మా అమ్మ కార్డు ఒక్కటి చదవలేదు.

మా గూడెంలో ఫోను సరిగ్గా పలికే చోటు ఒకటే, కొండ మలుపులో సిలువ పాతిన గట్టు. మూడు రోజులు ఆ సిలువ కింద కూర్చుని విమాన సంస్థ వాళ్ళతో మాట్లాడాను. మొదటి రోజు ఒక అమ్మాయి ఎత్తింది, చాలా మర్యాదస్తురాలు.

"మేడమ్, ఈ ఇద్దరూ వేర్వేరు ప్రయాణికులు" అంది.

"కాదండీ, ఒకరే. మా అమ్మే."

"టికెట్ ఒక మనిషి పేరు నుంచి ఇంకో మనిషి పేరుకి మార్చడం కుదరదు మేడమ్."

"ఇంకో మనిషి లేదు తల్లీ. నన్ను కన్నది ఒక్కతే."

"అర్థమైంది మేడమ్. కొత్త పేరుతో కుటుంబ సభ్యురాలిని చేర్చుకోవచ్చు. చేర్చిన రెండు నెలల తర్వాత పాయింట్లు వాడుకోవచ్చు."

వేడుకకి రెండు వారాలు కూడా లేవు. ఇంకేదైనా దారి చూడమన్నాను. ఏదైనా కాగితం ఉంటే పంపమంది. నేను పరుగున గుడికి పోయి, ఫాదర్ చేత బాప్తిస్మపు రిజిస్టరు తీయించాను. చెదలు కొరికిన ఆ పుస్తకంలో రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఫాదర్ లెటర్ హెడ్ మీద, ఈ ఇద్దరు స్త్రీలూ ఒకే స్త్రీ అని రాసి, ముద్ర వేసి ఇచ్చారు. "త్రియేక దేవుడి గురించి చెప్పడం తేలికమ్మా, మీ అమ్మ గురించి చెప్పడమే కష్టంగా ఉంది" అన్నారు. ఫొటో తీసి పంపాను. గుడి కాగితం చెల్లదని మర్నాడు జవాబొచ్చింది. సర్పంచి చేత రాయించి పంపాను. అదీ చెల్లదన్నారు.

ఈ మూడు రోజుల్లోనూ టికెట్ ధర రోజు రోజుకీ పెరిగిపోతోంది. అది నాకు కనిపిస్తూనే ఉంది. కార్డు తీసి ఒక్క గీత గీకితే అయిపోయేదానికి నేను న్యాయం కోసం పోరాడుతున్నాను. న్యాయం అని నేననుకున్నాను. నిజానికి ఇన్నేళ్ళ ఆట ఓడిపోవడం ఇష్టం లేక ఆ గట్టు మీద కూర్చున్నాను, అంతే. అది ఒప్పుకోడానికి నాకు చాలాకాలం పట్టింది.

మూడో రోజు సాయంత్రం ఫోన్లో ఎవరినో కేకలేస్తుంటే అమ్మ గట్టెక్కి వచ్చింది. చేతిలో పాత పాలపొడి డబ్బా. నా ఒళ్ళో పెట్టింది. తెరిస్తే నోట్లు, రబ్బరు బ్యాండ్లు వేసి చుట్టలు చుట్టలు.

"ఏటమ్మా ఇది?"

"మిరియాల డబ్బులు. నా టికెట్టు కొనీ."

మా కాఫీ తోటలో నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలుంటాయి. ఆ మిరియాలు కోసి, ఎండబెట్టి, సంతలో అమ్ముకునే హక్కు అమ్మది. నాన్న కూడా దాని జోలికి పోయేవాడు కాదు.

"ఎప్పటివి ఇన్ని?"

"మూడేళ్ళ కితం అప్పకి బాగోలేదని తెలిసింది కదా. ఆ యేడు మిరియాలు బాగా కాసినాయి. రైలుకి ఎల్దామని దాసినాను. తరవాత ఇంకో రెండు కాపులు కలిపినాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు ఇమానం అన్నావు, పాయింట్లన్నావు. సరదాగా సూసుకుంతన్నావు. నా గుంట ఏదో ఆట ఆడుకుంతంది, ఆడుకోనీ అని ఊరుకున్నాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంక సాలే. అప్ప ఊపిరి పాయింట్లు కాదు, దాసుకుంటే పెరగడానికి. బేగి కొనీ."

నాకు నలభై నాలుగేళ్ళు. ఆ గట్టు మీద, ఆ సిలువ కింద, చిన్నపిల్లలా భోరుమని ఏడ్చాను. ఫోను ఇంకా నడుస్తూనే ఉందని తర్వాత తెలిసింది. అవతల అమ్మాయి పాపం "మేడమ్, లైన్లో ఉన్నారా" అని అడుగుతోంది. లేను తల్లీ అని పెట్టేశాను. అక్కడే కూర్చుని అమ్మకి ఆధార్ పేరుతో రాను పోను టికెట్ కొన్నాను. నా డబ్బుతో కొంటానంటే అమ్మ ఒప్పుకోలేదు. కార్డు గీకి, డబ్బా లోంచి లెక్కకి లెక్క తీసుకోవాల్సొచ్చింది. ఆ గీకుడుకి కూడా పాయింట్లు పడ్డాయి. వాటిని చూస్తే ఒళ్ళు మండింది.

అలా ఇద్దరం బయల్దేరాం, పాయింట్ల మీద నేను, మిరియాల మీద అమ్మ. ఘాట్ రోడ్డు మీద బస్సులో ప్రతి మలుపుకీ వాంతి చేసుకునే మనిషి, విమానంలో మహారాణిలా కూర్చుంది. కిటికీ లోంచి కిందకి చూసి, "ఇంత ఎత్తు నించి సూస్తే మన తోటల్లో ఎవలికి ఎంత నీడ ఉన్నాదో తెలిసిపోతాది" అంది. తన సంచిలో చోడిపిండి, పసుపు, ఎండుచేపలు. ఎండుచేపలు వద్దని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. కోల్‌కతాలో విమానం మారేటప్పుడు లాంజ్‌కి తీసుకెళ్ళాను. నా మెట్టుకి ఒక అతిథి ఉచితం. మా సంచి వాసనకి చుట్టుపక్కల నాలుగు సోఫాలు ఖాళీ అయ్యాయి, మేం కాళ్ళు చాపుకుని కూర్చున్నాం.

గువాహటి నుంచి జీపులో నాలుగు గంటలు. మఠం గుమ్మంలో పెద్దమ్మ చక్రాల కుర్చీలో ఉంది. ముక్కుకి గొట్టం, పక్కన సిలిండరు. నేను గుర్తుపట్టలేదు. ఆ భారీ మనిషి అంతా పోయి, తెల్లచీరలో కాసిని ఎముకలు మిగిలాయి. అమ్మ మాత్రం నేరుగా పోయి ఎదురుగా నిలబడింది.

ఇంటికొచ్చిన మనిషికి కాళ్ళు కడగడం మా కొండల మర్యాద. పెద్దమ్మ ఒక కుర్చీ వేయించి అమ్మని కూర్చోబెట్టింది. చెంబు తెప్పించింది. వంగలేదు గనక కుర్చీలోంచే చెంబు ఒంపుతూ అమ్మ కాళ్ళ మీద నీళ్ళు పోసింది. సగం నీళ్ళు కాళ్ళ మీద, సగం సిలిండరు మీద. మదర్ సుపీరియర్ గాభరా పడి గొట్టం పట్టుకుంది. పెద్దమ్మ ఊపిరి కూడగట్టుకుని మొదటి మాట అంది.

"కాళ్ళు తోముకోవేటే నువ్వు? ఎంత మురికే."

"నీ కాడికొచ్చినాక తోముదువని" అంది అమ్మ. అప్పుడిద్దరూ ఏడ్చారు.

వేడుక బాగా జరిగింది. బడి పిల్లలు పాడారు, బిషప్ గారు సుదీర్ఘంగా మాట్లాడారు, పెద్దమ్మ మధ్యలో కునుకు తీసింది. నాకైతే ఆ నాలుగు రోజులూ చెయ్యడానికి పనిలేదు. వాళ్ళిద్దరూ గదిలో కూర్చుని మా ఇంటి భాష ఆదివాసీ ఒరియాలో గొణుక్కుంటూ ఉండేవారు. అమ్మ చోడి అంబలి కాచి చెంచాతో పోసేది. ఎండుచేప వేయించిన వాసనకి మఠమంతా తలుపులు మూసుకున్నారు. పెద్దమ్మ ఒక్కతే ఇంకా కావాలంది.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్న జీపు వచ్చింది. నేను సంచి సర్దుకుని గదిలోకి వెళితే అమ్మ నేల మీద పరచిన దుప్పటి ఇంకా తియ్యలేదు.

"లేమ్మా, టైమైపోతోంది."

"నాను రాను. నువ్వు ఎల్లు."

"రానంటే ఎలా? టికెట్ ఉంది కదా. అది రద్దు చేస్తే ఒక్క రూపాయి వెనక్కి రాదు."

"రాకపోతే పోనీ. నా మిరియాలు, నా సీటు. కాళీగా ఎల్తే ఎల్నీ."

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు, గోడ మీద క్యాలెండరు చూస్తోంది. వెళ్ళమని ఆమె అంటే అమ్మ వెళ్తుంది, ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు. ఆమె అనలేదు. యాభై ఏళ్ళు ఎవరినీ ఏమీ అడగని మనిషి. మదర్ సుపీరియర్ తలుపు దగ్గరే నిలబడి, అమ్మ ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండొచ్చని ఇంగ్లీషులో నాకు చెప్పింది.

ఒంటరిగా వచ్చాను. కిటికీ పక్కన అమ్మ సీటు ఖాళీ. పక్క సీటు ఖాళీగా దొరికితే పండగ చేసుకునేదాన్ని నేను. ఆ రోజు బెల్టు పెట్టుకుని, ఆ సీటు బెల్టు కూడా పెట్టేసి కూర్చున్నాను. ఎయిర్ హోస్టెస్ వింతగా చూసింది.

అమ్మ ఏడు వారాలుంది. ఫోను చేస్తే ఇద్దరూ పోట్లాడుకుంటున్న చప్పుడు వినిపించేది. పెద్దమ్మది గొంతు కాదు, గాలి. ఆ గాలితోనే తిట్టేది. ఏడో వారంలో ఒక ఉదయం ప్రార్థన వేళ పెద్దమ్మ పోయింది. అమ్మ చెయ్యి పట్టుకునే ఉందట. మా వైపు పద్ధతి ప్రకారం పసుపు రాయొచ్చా అని అమ్మ అడిగితే మఠం వాళ్ళు కాదనలేదట. ఇంటి నుంచి పట్టుకెళ్ళిన పసుపు దానికి సరిపోయింది.

విశాఖ వస్తున్న ఇద్దరు సిస్టర్లు అమ్మని రైల్లో తీసుకొచ్చారు. స్టేషన్ నుంచి కారు మాట్లాడుకుని కొండెక్కుతున్నాం. నేను ఏడు వారాలుగా నోట్లో పెట్టుకు తిరుగుతున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"అమ్మా, నా వల్లే. మూడేళ్ళ కిందటే తీసుకెళ్ళుంటే నడిచే పెద్దమ్మని చూసేదానివి. పాట వినేదానివి. నీ దగ్గర డబ్బులుండగా నేనే ఆపాను."

కారు ఒక మలుపు తిరిగింది. ఈసారి అమ్మ వాంతి కూడా చేసుకోలేదు.

"మూడేళ్ళ కితం ఎల్లుంటే మూడో రోజుకి తగువైపోను. నాలుగో రోజు తిరిగొచ్చేద్దును" అంది. "ఒంట్లో బాగున్నప్పుడు అప్ప నన్ను ఏడు వారాలు ఉండనిత్తాదేటి? గెంటేసును."

అది నిజమే కావచ్చు. నా కోసం అన్న మాటా కావచ్చు. ఆమె మొహం చూస్తే తెలిసిపోతుందని భయమేసి, నేను కిటికీ వైపు తిరిగాను.